కలప డిపో దాకానే

మా తోటికోడల్ని అందరూ సైకిలక్క అంటారు. పెళ్ళయిన కొత్తలో నేను మనసులో ఆవిడకి ఇంకో పేరు పెట్టుకున్నాను గానీ, అది అచ్చులో రాసేది కాదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర పదహారేళ్ళు వేగాం. పని కూడా ఒకే ఆసుపత్రి బట్టల విభాగంలో. ఆవిడ ఉతుకుడు మిషన్ల దగ్గర, నేను ఇస్త్రీ దగ్గర. ఇంట్లో పోట్లాడుకున్న రోజు పనిలో మాట్లాడుకునేవాళ్ళం, పనిలో పోట్లాడుకుంటే ఇంట్లో. కాబట్టి ఆవిడ గురించి చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరు. పొగడ్తలు కావాలంటే మాత్రం ఇంకెవరినైనా అడగండి.

పొద్దున ఆరు గంటల షిఫ్టుకి మమ్మల్ని తీసుకెళ్ళే బస్సుని ఒక ఏడాది తీసేశారు. ఎక్కేవాళ్ళు చాలడం లేదట. మేం ముప్పై మందిమి రోజూ ఊపిరాడకుండా వేలాడేవాళ్ళం, మమ్మల్ని లెక్కపెట్టినవాడు ఏ నిద్రలో ఉన్నాడో నాకు తెలీదు. ఇక అయిదు కిలోమీటర్లు నడక. ఆలస్యమైతే హాజరు పుస్తకంలో ఎర్ర గీత, మూడు గీతలకి ఒక మెమో, రెండు మెమోలకి ఇంటికి.

అక్కకి అప్పుడు ముప్పై ఎనిమిది. మెట్ల కింద తుప్పు పట్టి పడున్న మా బావగారి సైకిలుని బయటికి లాగి, ఆసుపత్రి వెనక దుప్పట్లు ఆరేసే చోట తోసుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. వెనక పట్టుకునేవాళ్ళెవరూ లేరు. పడినప్పుడల్లా తీగ మీది దుప్పటి ఒకటి లాక్కుంటూ పడేది, లేచి దాన్ని మళ్ళీ తనే ఉతికేది. నేను ఇస్త్రీ గది కిటికీలోంచి చూసి కడుపుబ్బ నవ్వేదాన్ని. నెల తిరిగేసరికి ఆవిడ ఇరవై నిమిషాల్లో పనికి చేరుతోంది, నేనేమో గంట నడిచి చెమటలు కక్కుకుంటూ వస్తున్నాను. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

మొదటి శిష్యురాలిని నేనే. ఇష్టపడి కాదు, రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళింది. ఆవిడ పద్ధతి ఆవిడది. ఎక్కడిదో పాత సైకిలు ఒకటి మనకి చవగ్గా ఇప్పించి, ముందు పెడళ్ళు ఊడదీస్తుంది. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనేట్టు సీటు దించేస్తుంది. "పడవు. పడాలనుకున్నా పడలేవు. నడిచినట్టే తొయ్యి," అంటుంది. రెండు రోజులు అలా తోసుకున్నాక కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి, అప్పుడు పెడళ్ళు బిగిస్తుంది. బట్ట అంచు చెయినులో పడకుండా, దండేనికి పెట్టే క్లిప్పులు రెండు మడమల దగ్గర పెడుతుంది. ఆ తరవాత తొమ్మిది రోజులు ఇంటి నుంచి ఆసుపత్రి దాకా మన వెనకే తొక్కుకుంటూ వస్తుంది. పదో రోజు చెప్పాపెట్టకుండా సగం దారిలో, కలప డిపో దగ్గర ఆగిపోతుంది. వెనక ఉందిలే అనుకుని మనం పోతూనే ఉంటాం. ఆసుపత్రిలో దిగి చూసుకుంటే ఎవరూ ఉండరు.

నా పదో రోజున ఆవిడ వచ్చేదాకా గేటు దగ్గర నిలబడి తిట్టుకున్నాను. వచ్చాక ఏడ్చాను. ఆ తరవాత నెల రోజులు కనపడ్డవాళ్ళందరికీ ఆ సంగతే చెప్పుకున్నాను. అంత గర్వం నాకు పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు. మా పిల్లలు ఇది చదివితే చదువుకోనీ.

"చెప్పి వదిలితే భయపడి పడతారే. చెప్పకుండా వదిలితే వాళ్ళకే వచ్చేస్తుంది," అనేది అక్క. అలా పదకొండు మందిని వదిలింది. ఒక్కరూ పడలేదు. సైకిళ్ళు పెట్టుకోవడానికి రేకుల షెడ్డు కావాలని పెద్ద నర్సు చుట్టూ తిరిగి తిరిగి సాధించింది. వంతెన మీద సైకిళ్ళకి విడిగా గీత గియ్యమని రోడ్ల ఆఫీసుకి మా అందరి చేతా సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చింది. వాళ్ళు అర్జీ తీసుకున్నారు. గీత మాత్రం ఈ రోజుకీ లేదు.

పన్నెండో మనిషి కుట్టుపిల్ల. కుట్టుగదిలో చిరిగిన దుప్పట్లకి మాసికలు వేస్తుంది. పిల్లంటే పిల్లేమీ కాదు, ముప్పై దాటాయి, ఏడేళ్ళ కూతురుంది. అత్త, కూతురు, తను, అంతే ఇల్లు. ముగ్గురికీ ఆధారం ఆమె పనే. మహా పిరికిది, కుక్క మొరిగితే కుక్కకే క్షమాపణ చెప్పే రకం. అప్పటికే ఒక మెమో వచ్చింది. "నా వల్ల కాదక్కా," అంటూనే వచ్చి నేర్చుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పాపం, ఏం చేస్తుంది.

ఆమెకి అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. వెనక్కి చూడమంటే తలతోపాటు హ్యాండిలు కూడా అటే తిప్పేసేది. కొత్తవాళ్ళందరికీ ఉండే ఇబ్బందే, ఇంకో పది రోజులు ఓపిక పడితే పోతుంది. ఆ పది రోజులు ఆమె దగ్గర లేవు. మా దారిలో కలప డిపో దాటాక రోడ్డు ఒక వంపు తిరిగి వంతెన ఎక్కుతుంది. వంతెన దిగగానే, పెట్రోలు బంకు ఎదురుగా, రోడ్డుకి అడ్డంగా దాటి ఆసుపత్రి సందులోకి తిరగాలి. వెనక ఏం వస్తోందో తెలియకుండా అక్కడ తిరిగితే అంతే సంగతులు.

అక్క ఒక ఉపాయం ఆలోచించింది. "నువ్వు వెనక్కి చూడనే వద్దు. నీ బదులు నేను చూస్తా. వెనక బండి వస్తుంటే బెల్లు కొడతా, నువ్వు ఆగిపో. బెల్లు మోగలేదంటే దారి ఖాళీ, తిరుగు."

"నువ్వు వెనక ఉన్నావో లేదో నాకెలా తెలుస్తుందక్కా?"

"ఎక్కడికి పోతానే? ఉంటాను. తొక్కేటప్పుడు మాటలు వద్దు, ఊపిరి దాచుకో."

ముందు ఆమె, వెనక అక్క, ఆ వెనక నేను, తొమ్మిది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. బెల్లు మోగితే ఆగేది, మోగకపోతే తిరిగేది. వంతెన మాత్రం పూర్తిగా ఎక్కలేకపోయేది, సగంలో దిగి తోసుకుంటూ పోయేది. అక్కడ దిగిన ప్రతిసారీ వెనక ఉన్న మాకు సంజాయిషీ చెప్పేది. "ఏదో ఒక రోజు దిగకుండా ఎక్కేస్తావు. నేను చూస్తాగా," అనేది అక్క. ఆ మాట అన్నప్పుడల్లా కుట్టుపిల్ల ముఖం కొంచెం విప్పారేది.

పదో రోజు మేమిద్దరం అలవాటు ప్రకారం డిపో దగ్గర ఆగిపోయాం. ఆమె వీపు వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. మలుపు దగ్గరి బెల్లు సంగతి ఇద్దరికీ తట్టలేదు. తట్టలేదంటే నాకే నమ్మబుద్ధి కాదు, కానీ అదే నిజం. పదకొండు మందిని వదిలినప్పుడు ఈ బెల్లు ఉపాయం లేదు, వాళ్ళందరూ తలతిప్పి చూసుకునేవాళ్ళే. ఈమెకి మేమే చూడొద్దని నేర్పాం, నేర్పి వదిలేశాం.

వెనక బెల్లు మోగలేదు. దారి ఖాళీ అనుకుని ఆమె తిరిగింది.

మేం వంతెన దిగేసరికి బంకు ఎదురుగా జనం మూగి ఉన్నారు. రొట్టెలు వేసుకెళ్ళే వ్యాను రోడ్డుకి ఏటవాలుగా ఆగి ఉంది. దాని డ్రైవరు రోడ్డు అంచున కూర్చుని, కనపడ్డవాళ్ళందరితో ఒకే మాట అంటున్నాడు. "తల తిప్పలేదండీ. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదండీ." జనం అతన్నే తిడుతున్నారు. కుట్టుపిల్ల రోడ్డు మీద పడి ఉంది, మోకాలి కింద కాలు ఉండకూడని వైపుకి ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. అక్క పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుంది.

"బెల్లు కొట్టావా అక్కా?" అని అడిగింది కుట్టుపిల్ల. "నాకు వినపడలేదు."

అక్క నోరు తెరిచింది.

"కొట్టే ఉంటావులే. నాకే వినపడలేదు."

అంతలో ఆసుపత్రి నుంచి స్ట్రెచరు వచ్చింది. అక్క నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. ఎప్పుడూ నా నోట్లో నువ్వు గింజ నానదంటారు మావాళ్ళు, ఆ రోజు చూడాల్సింది నన్ను. తేలు కుట్టిన దొంగల్లా స్ట్రెచరుకి చెరోపక్కా నడిచాం.

ఎముక రెండు చోట్ల విరిగింది. లోపల ఊచ వేశారు. మూడు నెలలు మంచం మీద. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పింది ఒకటే, అక్క వెనకే ఉంది, బెల్లు కొట్టింది, నాకే వినపడలేదు. రోజుకి పదిసార్లు చెప్పగా చెప్పగా, అక్క కొట్టిన బెల్లు అందరూ విన్నంత నిజమైపోయింది. అక్క రోజూ సాయంత్రం వెళ్ళి ఆమె పక్కన కూర్చునేది, దిండు సర్దేది, కూతురికి జడ వేసేది. చెప్పాల్సిన మాట తప్ప అన్నీ చెప్పేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. మింగలేక కక్కలేక ఆవిడ చిక్కిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

షెడ్డులో సైకిళ్ళ మీద దుమ్ము పేరుకుంది. పదకొండు మందిలో తొమ్మిది మంది మళ్ళీ నడక మొదలుపెట్టారు. "సైకిలక్క వెనక ఉండగానే అలా అయిందంటే, ఇక మనమెంత?" అనుకున్నారు. న్యాయమైన మాటే. ఆవిడ వెనక లేదని వాళ్ళకి తెలీదు కదా.

కాలు అతుక్కుని, కర్ర సాయంతో నడుస్తూ కుట్టుపిల్ల పనిలోకి వచ్చింది. మెమో ఇవ్వలేదు, ఆ మాత్రం దయ ఉంది. మనిషే మారిపోయింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడేది. మాట్లాడుతుంటే మన పెదాల వైపే చూసేది. ఒక రోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "వదినా, రేపటి నుంచి మా పాపని బడి దగ్గర రోడ్డు దాటించి పెడతావా?" అంది.

"నీకేమైంది? కాలు నొప్పా?"

"కాలు కాదు. మా అమ్మకీ నా వయసులోనే చెవుడు మొదలైంది. ముందు చిన్న చిన్న శబ్దాలు పోయాయి. నాకూ అదే. దాని చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళాలంటే నా మీద నాకే నమ్మకం లేదు. నాతోపాటు దాన్నెందుకు చంపాలి?"

ఈ మాట ఆమె ఏడుస్తూ చెప్పి ఉంటే నేను తట్టుకునేదాన్ని. మాసిక ఎక్కడ వెయ్యాలో అడిగినంత మామూలుగా అడిగింది. సరేనన్నాను. ఇస్త్రీ పెట్టె కింద ఒక తలగడ గలీబు మాడ్చేశాను.

దుప్పటి మడత పెట్టడం ఇద్దరు మనుషుల పని. చెరో కొసా పట్టుకుని లాగి, మడిచి, ఒకరి దగ్గరికి ఒకరు నడవాలి. ఆ సాయంత్రం నేను అక్కకి ఎదురుగా వెళ్ళి కొసలు పట్టుకున్నాను. పాప సంగతి చెప్పాను. అక్క దుప్పటి వైపే చూస్తోంది.

"చెప్తాలే," అంది.

"ఎప్పుడు? ఆ పాపకి పెళ్ళయ్యాకా?"

"చెప్తే ఇంకెవరూ సైకిలెక్కరే. షెడ్డు ఎత్తేస్తారు. వంతెన మీద గీత ఇక కలలోనే. ఇన్నేళ్ళు చేసిందంతా..."

"ఇప్పుడు మాత్రం ఎవరెక్కుతున్నారు? ఆ వ్యాను అతన్ని బండి దింపి మూటలు మోయిస్తున్నారట, తెలుసా? అతను చూసింది చూసినట్టే చెప్పాడు. తల తిప్పలేదు. తిప్పొద్దన్నది మనం."

ఇంకో మడత. ఇంకొంచెం దగ్గరికి వచ్చాం.

"నువ్వూ ఉన్నావుగా అక్కడ," అంది మెల్లగా.

"ఉన్నాను. నవ్వాను కూడా. తిలా పాపం తలా పిడికెడు. అందుకే అడుగుతున్నా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

చివరి మడతకి ఇద్దరి చేతులూ తగిలాయి. ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి. "ఎల్లుండి చెవి పరీక్షకి తీసుకెళ్తానని మాటిచ్చా. అదవనీ," అంది. నాకు ఒళ్ళు మండింది. చెవులు బాగున్నాయని కాగితం వస్తే, తను నోరు తెరవకుండానే గండం గడిచిపోతుందని ఆవిడ ఆశ. పదహారేళ్ళు కలిసి వండుకున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా.

ముగ్గురం వెళ్ళాం. ఆ పరీక్ష గది చిన్నది, గోడలకి మెత్తటి అట్టలు, ఒక గాజు కిటికీ. కుట్టుపిల్ల చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి లోపల కూర్చోబెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా వేలు ఎత్తాలి. పరీక్ష చేసే ఆవిడ బయట మీటలు తిప్పుతోంది, మేం ఆవిడ వెనక బెంచీ మీద కూర్చున్నాం. కుట్టుపిల్ల కళ్ళు మూసుకుంది. పరీక్షలో తప్పుతానేమో అని భయపడే బడిపిల్లలా ముఖం బిగించింది. వేలు లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. మీట తగ్గించినకొద్దీ లేస్తూనే ఉంది. చివరికి పరీక్ష ఆవిడ మీట అడుగుకి తిప్పేసి మా వైపు తిరిగి, "ఇది మామూలుగా ఎవరికీ వినపడదండీ," అంది. అటు చూస్తే లోపల వేలు లేచి ఉంది.

బయటికి వచ్చాక కాగితం ఆమె చేతిలో పెట్టి, "మీకు చెవుడేమిటమ్మా, గోడకవతల మాటలు కూడా వినపడతాయి," అని నవ్వింది పరీక్ష ఆవిడ. కుట్టుపిల్ల నవ్వలేదు. నడవాలో నిలబడి కాగితం అటూ ఇటూ తిప్పింది.

"మరి ఆ రోజెందుకు వినపడలేదక్కా? బుర్రలో ఏమైనా ఉందంటావా?"

అదీ సంగతి. చెవి బాగుంటే బుర్ర. అది కూడా బాగుందంటే ఇంకేదో. తనలో తప్పు దొరికేదాకా వెతుక్కుంటూనే ఉంటుంది. నేను నోరు తెరవబోయాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను కొట్టలేదు," అంది.

"ఏంటి?"

"బెల్లు. కొట్టలేదు. నేను లేను నీ వెనక. అందరినీ వదిలినట్టే నిన్నూ పదో రోజు చెప్పకుండా వదిలేశా. మలుపు సంగతి ఆలోచించలేదు. రోడ్డు మీద నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. భయమేసింది. ఆ తరవాత రోజురోజుకీ ఇంకా భయమేసింది."

కుట్టుపిల్ల కాగితం తిప్పడం ఆపింది. ఎవరో మందుల బండి తోసుకుంటూ మా మధ్య నుంచి వెళ్ళారు. మేం పక్కకి జరిగి మళ్ళీ నిలబడ్డాం.

"ఎక్కడ ఆగారు?"

"కలప డిపో దగ్గర."

"ఇద్దరూనా?"

"ఇద్దరం," అన్నాను. నవ్వామని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆమె లెక్కపెట్టుకుంటున్నట్టు నేల వైపు చూసింది. "డిపో తరవాతే కదా వంతెన," అంది. "ఆ రోజు నేను దిగలేదు. మొదటిసారి దిగకుండా ఎక్కేశా. పైకి వెళ్ళాక కాళ్ళు వణికాయి గానీ, సంతోషమేసింది. నువ్వు వెనకుండి చూశావనుకున్నా. మంచం మీదున్న మూడు నెలలూ అదొక్కటే తలుచుకున్నా, అక్క చూసింది కదా అని."

అక్క గోడకి ఆనుకుంది. "చూడలేదు," అంది.

కుట్టుపిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయింది. మేం గేటు దాకా వెళ్ళి ఆగిపోయాం. ఆమె రోడ్డు అంచున నిలబడి ఒకవైపు చూసింది, ఇంకోవైపు చూసింది, మళ్ళీ మొదటివైపు చూసింది, దాటింది. మర్నాడు పాపని దాటించడానికి నేను బడి దగ్గరికి వెళ్ళేసరికి, ఆమే చెయ్యి పట్టుకుని దాటిస్తోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

అక్క రొట్టెల వ్యాను యజమాని దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. మా విభాగంలో మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడి అందరికీ చెప్పింది. కొందరు లేచి వెళ్ళిపోయారు. నడక పట్టినవాళ్ళలో ఇద్దరు షెడ్డులోంచి సైకిళ్ళు ఇంటికి తీసుకుపోయారు. అక్క ఎవరినీ ఆపలేదు, ఎవరినీ రమ్మనలేదు. కుట్టుపిల్ల సైకిలుకి వంగిన చక్రం మార్పించి షెడ్డు చివర పెట్టింది. వారం వారం దానికి గాలి కొట్టేది. ఎవరూ ఎక్కని సైకిలుకి గాలెందుకని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చేది. అడగలేదు.

ఇలా ఏడు వారాలు. ఒక సాయంత్రం మేం దుప్పట్లు మడత పెడుతుంటే కుట్టుపిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో కర్ర లేదు. నా వైపు చూడకుండా అక్కతోనే మాట్లాడింది.

"సైకిలు ఇంటికి తీసుకెళ్తున్నా. రేపు దాని మీదే వస్తా. నా వెనక రావొద్దు."

"రాను," అంది అక్క.

"వంతెన పైన నిలబడు. కనపడేట్టు నిలబడు."

మర్నాడు అయిదున్నరకే మేం వంతెన పైన ఉన్నాం. అప్పుడే వెలుగొస్తోంది. అక్క కమ్మీ పక్కన సైకిలు దిగి, రెండు చేతులూ కట్టుకుని కింద వంపు వైపే చూస్తోంది. చాలాసేపటికి కుట్టుపిల్ల వచ్చింది. వంతెన ఎక్కే చోట తల తిప్పి వెనక్కి చూసింది. హ్యాండిలు కొంచెం వణికింది గానీ తిరగలేదు. ఎక్కడం మొదలుపెట్టింది. బాగున్న కాలు నొక్కినప్పుడు సైకిలు ముందుకి దూకుతోంది, ఊచ వేసిన కాలు వంతు వచ్చేసరికి ఆగిపోయేట్టు అవుతోంది. సగం దాటింది. ఇంకో పది గజాలుందనగా సైకిలు ఊగింది. దిగిపోయింది.

అక్క ఒక అడుగు ముందుకి వేసింది. నేను ఆవిడ రెక్క పట్టుకుని ఆపాను.

కుట్టుపిల్ల సైకిలు తోసుకుంటూ పైకి వచ్చింది. రొప్పుతోంది, ముఖమంతా చెమట. మా దగ్గర ఆగలేదు. అక్క పక్క నుంచి పోతూ అంది:

"ఇవాళ దిగాను. రేపు కూడా వచ్చి నిలబడు."